పళ్ల మేస్త్రి పన్నెండు మాటలు

పళ్ల మేస్త్రి చెవుల గురించి చెబితే పట్టాలున్నవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. నవ్వినప్పుడే కదా ఎవరి పళ్లు ఎలా ఉన్నాయో తెలిసేది. గోడకి అవతల మనిషి తుమ్మితే, ఇవతల కూర్చుని అతనికి పై వరసలో ఎన్ని పళ్లు లేవో చెప్పేవాడు మేస్త్రి. ఒకసారి ఫోనులో "హలో, నీళ్ల ఆఫీసు నుంచండీ" అన్న పాపానికి ఆ గుమస్తాని "కింద కుడివైపు దవడపన్ను మొన్ననే పీకించుకున్నారు కదూ?" అని అడిగాడు. తననెవరో కిటికీలోంచి చూస్తున్నారనుకుని ఆ గుమస్తా రెండు రోజులు పరదాలు తియ్యలేదు. ఇందులో సగం కోతలని కొట్టిపారేసినా, మిగిలిన సగం మామూలు మనిషికి ఓ జన్మకి సరిపోతుంది.

అతని పని కట్టుడు పళ్లు చెయ్యడం. ముందు గదిలో డాక్టరు మనుషుల నోళ్ల అచ్చులు తీసి పంపితే, వెనక గదిలో మేస్త్రి వాటిలో ప్లాస్టరు పోసి, మైనంలో పళ్లు నిలబెట్టి, చిగుళ్లకి గులాబీ పిండి కలిపి ఉడికించి, ఆకురాయితో అరగదీసి, మోటారు బ్రష్షు మీద మెరుగు పెట్టేవాడు. కిటికీ పక్కన అతని బల్ల. గోడకి మేకులు, మేకులకి ప్లాస్టరు దవడలు. కొత్తగా వచ్చినవాళ్లు ఆ గదిలోకి తొంగిచూసి, తాము రావలసిన చోటు ఇది కాదేమోనని వెనక్కి తగ్గేవాళ్లు. ఆ బల్ల దగ్గర ముప్ఫై ఒక్క ఏళ్లు కూర్చున్నాడు మేస్త్రి. స్టూలు చెక్కలో రెండు గుంటలు పడ్డాయి. వాటిలో వేరేవాళ్లు కూర్చుంటే జారి కిందపడేవారు.

పనితనం ఎంతుందో అనుమానం అంతకి రెండింతలు. ఇంట్లో మూడో కొడుకు. ఐదేళ్లప్పుడు పెద్దన్న చొక్కాని "కొత్తది నాన్నా" అని తల్లి తొడిగితే, కాలరు తిరగేసి పాత కుట్ల కన్నాలు చూపించాడు. అప్పటినుంచి లోకంలో ప్రతిదానికీ కాలరు తిరగేస్తూనే ఉన్నాడు. కట్టుకోబోయే పిల్లని మొదటిసారి చూసినప్పుడు కూడా ఊరూ పేరూ అడక్కుండా "ఒక్కసారి పాపం, భయం, మామ అనండి" అన్నాడు. ఆ పిల్ల "ముందు మీరు నోరు ముయ్యండి" అంది. అందులో "మ" మూడుసార్లు ఎంత నిండుగా పలికిందో విని అక్కడికక్కడే ఒప్పేసుకున్నాడు. ఆ "మ" నిజమా నటనా అనే అనుమానం మాత్రం ఓ పదేళ్లు ఉండేది.

పళ్లకీ మాటకీ ఉన్న చుట్టరికం పెళ్లికి ముందే అతనికి నేర్పింది ఒక పంతులమ్మ. కాలేజీలో భాషల ధ్వనుల పాఠం చెప్పి రిటైరైన మనిషి. రెండు వరసల సెట్టు చేయించుకుని, మర్నాడే వెనక గదిలోకి నడిచొచ్చింది.

"మేస్త్రీ, నువ్వు నాకు నవిలే పళ్లిచ్చావు. మాట్లాడే పళ్లియ్యలేదు" అంది.

"పళ్లు మాట్లాడవమ్మా, నాలిక మాట్లాడుతుంది."

"నాలికేమో గాల్లో మాట్లాడుతుందా? దానికి గోడ కావాలి, గడప కావాలి. అవన్నీ నువ్వు కట్టేవే. చిన్నప్పుడు పలక మీద క, చ, ట, త, ప దిద్దావా?"

"వీపు మీద కూడా దిద్దించారు."

"అది నోటి పటం నాయనా. క అను, ఎక్కడ తగిలింది? గొంతు దగ్గర. చ? అంగిట్లో. ట అంటే నాలిక మడత పడింది. త పళ్ల వెనక. ప పెదాల మీద. లోపల్నుంచి వీధరుగు దాకా ఇల్లు చూపించినట్టు లేదూ?"

మేస్త్రి ఐదుసార్లు అనుకుని చూసుకున్నాడు. నిజమే. వెంటనే అనుమానం వచ్చింది: ఇంత ముఖ్యమైన సంగతిని బడిలో ఇంతమంది పంతుళ్లూ కూడబలుక్కుని తన దగ్గరే ఎందుకు దాచారు?

ఆ రోజునుంచి పంతులమ్మ వారానికి రెండుసార్లు వచ్చి పాఠం చెప్పేది. ఒక అక్షరం ఒంటరిగా చెడదు, కుటుంబంతో చెడుతుంది అనేది. ప, బ, మ ముగ్గురూ కుంటుతుంటే పెదాలు కలవడం లేదని, అంటే సెట్టు ఎత్తెక్కువైందని అర్థం. ఫ, వ తేడా చేస్తే పై ముందు పళ్ల పొడుగు చూడాలి. త, ద, న మొద్దుబారితే పళ్ల వెనక గోడ మందం. స, శ అయితే గాలి వెళ్లే కాలవ. ఏ కుటుంబం ఏడుస్తుందో వింటే ఎక్కడ అరగదియ్యాలో తెలుస్తుంది.

అన్నిటికన్నా అతనికి నచ్చింది పౌడరు పద్ధతి. పై సెట్టు లోపలివైపు సన్నగా పౌడరు చల్లి, నోట్లో పెట్టి, ఒకే ఒక్క మాట అనిపించాలి. వెంటనే నోరు తెరిపించి సెట్టు తీసి చూస్తే, నాలిక తాకినచోట పౌడరు తుడిచిపెట్టుకుపోయి, తాకనిచోట తెల్లగా నిలిచి ఉంటుంది. "స" అంటే రెండు పక్కలా తుడుపు, నడుమ సన్నటి తెల్ల దారి. ఆ దారే గాలి కాలవ. వెడల్పైతే "స" చప్పగా జారుతుంది, ఇరుకైతే ఈల వేస్తుంది. మనుషులు అబద్ధమాడతారు గానీ పౌడరు ఆడదు కదా! అనుమానపు మనిషికి ఇంతకన్నా వరం ఏముంది? ప్రతి నోటి బొమ్మా నోటుబుక్కులో గీసేవాడు. పంతులమ్మ కాలేజీలో ఇలాంటివి యాభై గీసినవాళ్లకి డాక్టరేటిచ్చారట. మేస్త్రి దగ్గర పదకొండు వందలున్నాయి. అయినా ఎవరూ అతన్ని డాక్టరనలేదు. అందులోనూ ఏదో కుట్ర ఉందని అతని నమ్మకం.

పంతులమ్మ పరీక్ష కోసం నలభై మాటల జాబితా రాసిచ్చి వెళ్లిపోయింది, ఊరు మారింది. నలభై మాటలనేసరికి ముసలివాళ్లకి ఆయాసం వచ్చేది, మేస్త్రికి విసుగొచ్చేది. మెల్లమెల్లగా కత్తిరించుకుంటూ పన్నెండుకి తెచ్చాడు. బొమ్మ శుభ్రంగా పడేవి ఉంచుకుని మిగతావి కొట్టేశాడు. "స" కోసం మిగిలినవి నాలుగు: సబ్బు, సభ, మాస, వాస. వాటిని అట్టముక్క మీద రాసి మేకుకి తగిలించాడు. దానికితోడు ఇంకో నియమం: మనిషి గదిలోకి రాగానే "ముందు సెట్టు ఇలా ఇవ్వండి" అని తీసేసుకోవడం. కథలన్నీ బోసినోటితో చెప్పుకోవాలి. సెట్టు పెట్టుకున్నాక అట్టముక్క మీది పన్నెండు మాటలు తప్ప పదమూడోది అనకూడదు. మనుషుల సొంత కథలు వింటే తప్పు దారి పట్టిస్తారని అతని భయం.

ఇన్నేళ్ల పాటు ఈ పద్ధతి బాగానే నడిచింది. రైల్వే అనౌన్సరమ్మ వచ్చేదాకా.

ఆవిడ స్టేషను మెట్ల మీద జారిపడి ముందు పళ్లు నాలుగు పోగొట్టుకుంది. మేస్త్రి అంగిలితో సహా సెట్టు చేసిచ్చాడు. ఐదో రోజు తిరిగొచ్చింది, ఈల వేస్తోందని. డాక్టరు తిరుగు చీటీ రాశాడు. తిరుగు చీటీ అంటే చిన్న పసుప్పచ్చ కాగితం: ఏం తప్పు, ఎవరిది, ఎవరు దిద్దారు, సంతకం. ఒకే సెట్టుకి మూడు చీటీలు పడితే ఆ పని చేసినవాడిని మార్చేస్తానని డాక్టరు ఎప్పుడో చెప్పి ఉన్నాడు. మేస్త్రి బతుకులో మూడో చీటీ ఎప్పుడూ రాలేదు. ఏడాదికి ఒకటి వస్తే ఆ వారం అన్నం సయించేది కాదు.

మేస్త్రి సెట్టు తీసుకున్నాడు, పౌడరు చల్లాడు, అట్టముక్క చూపించాడు. ఆవిడ పన్నెండు మాటలూ గంట కొట్టినట్టు అంది. బొమ్మ చూస్తే కాలవ ఎంత ఉండాలో అంతే. ఊరికే మెరుగు పెట్టినట్టు నటించి ఇచ్చేశాడు. వారం తిరక్కుండా మళ్లీ వచ్చింది. రెండో చీటీ. మళ్లీ పౌడరు, మళ్లీ పన్నెండు మాటలు, ఈసారి మొదటిసారి కన్నా బాగా అంది. బొమ్మ కూడా మొదటిదానికన్నా బాగుంది.

అదిగో, అక్కడ మేస్త్రి చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"డాక్టర్‌గారూ, ఆ మనిషి అబద్ధమాడుతోంది" అన్నాడు ముందు గదిలోకి వెళ్లి.

డాక్టరు చేతులు కడుక్కుంటున్నాడు. "అబద్ధమాడి ఆవిడకేం వస్తుంది మేస్త్రీ? సోమవారం ఆవిడకి మైకు పరీక్ష. పాసైతేనే ఆ కుర్చీ ఉంటుందట."

"నా పౌడరు బొమ్మ చూడండి."

"నీ బొమ్మలు నీ దగ్గరే ఉంచుకో. ఇంకొక్క చీటీ పడితే మాత్రం ఆ బల్ల ఖాళీ చెయ్యాల్సొస్తుంది. మళ్లీ నేను చెప్పలేదనకు."

డాక్టరు ఆ మాట అంటున్నప్పుడు తువ్వాలు వైపు చూశాడు గానీ మేస్త్రి వైపు చూడలేదు. ఆ సంగతి మేస్త్రి గమనించాడు. నెల కిందట నున్నగా తల దువ్వుకున్న ఒక మనిషి సంచీ పట్టుకొచ్చి డాక్టరుతో గంటసేపు మాట్లాడి, రంగురంగుల పుస్తకం ఒకటి ఇచ్చిపోయాడు. అందులో పళ్లని తనంతట తానే చెక్కే మిషను బొమ్మ ఉంది. లెక్క కుదిరింది. మిషను కొనాలంటే మేస్త్రి పోవాలి. మేస్త్రి పోవాలంటే మూడు చీటీలు పడాలి. చీటీలు పడాలంటే బాగున్న సెట్టుని బాగాలేదనే మనిషి ఒకరు కావాలి.

ఇంటికెళ్లి ఇదంతా భార్యకి చెప్పాడు. ఆవిడ బట్టలు మడతపెడుతోంది.

"అంటే ఏమిటి? ఆ మహాతల్లి మీ ఉద్యోగం తీయించడానికి మెట్ల మీదనుంచి పడి, నాలుగు పళ్లు ఊడగొట్టుకుంది. అంతేనా?"

"పళ్లు ఊడడం నిజమేనే. ఈల అబద్ధం."

"ఈల మీరు విన్నారా?"

"లేదుగా! అదే నేను చెప్పేది. నా దగ్గర వెయ్యదు. బయటికెళ్లి వేస్తోందట."

"మొగుళ్లు కూడా అంతే. బయట నవ్వుతారు, ఇంట్లో నవ్వరు. అంతమాత్రాన బయట నవ్వలేదంటామా?" అని ఆవిడ చొక్కా దులిపింది. "అంత అనుమానమైతే స్టేషనుకెళ్లి వినండి. మైకులో మాట్లాడే మనిషేగా, దాక్కోలేదు."

మేస్త్రికి కొత్త అనుమానం పుట్టింది. ఇంత తేలికైన ఉపాయం తనకి తట్టకుండా ఈవిడకి ఎలా తట్టింది? ఎవరైనా ముందే చెప్పారా?

మర్నాడు మధ్యాహ్నం తిండి వేళలో స్టేషనుకి వెళ్లాడు. మూడో ప్లాట్‌ఫారం మీద స్పీకరు కిందే ఉన్న బెంచీ చూసుకుని, పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. పేపరు తలకిందులుగా ఉందని పక్కనున్నాయన చెప్పినా తిప్పలేదు, ఇతనెవరు నాకు చెప్పడానికి అని. స్పీకరు మోగింది. ఆవిడ గొంతే. "ప్రయాణికులకు విజ్ఞప్తి. ఏడో నంబరు ప్లాట్‌ఫారం మీదికి రావలసిన బండి మరికొద్దిసేపట్లో వస్తుంది. దయచేసి గమనించగలరు." ఒక్క ఈల లేదు. "వస్తుంది"లో స సబ్బులా జారింది, "దయచేసి"లో అద్దంలా మెరిసింది. మేస్త్రి తొమ్మిది అనౌన్సుమెంట్లు విన్నాడు. తొమ్మిదిట్లోనూ ప్రతి స ఒకే పొడుగు, ఒకే బరువు, ఒకే అచ్చులో పోసినట్టు. అతని చెవికి అదేదో వింతగా తగిలింది కూడా. బతికున్న మనిషి ఒకే మాటని రెండుసార్లు ఒకేలా అనలేడని పంతులమ్మ చెప్పింది కదా అని ఒక మూల మెదిలింది. కానీ దొంగని పట్టుకున్న సంబరంలో ఉన్నవాడికి చెవి ఏం చెబితే ఏం వినిపిస్తుంది?

లేచి, అనౌన్సుమెంటు గది ఎక్కడో కనుక్కుని, మెట్లెక్కి తలుపు కొట్టబోయాడు. వెనకనుంచి ఎవరో "మేస్త్రిగారూ?" అన్నారు.

తిరిగి చూస్తే అనౌన్సరమ్మ. చేతిలో సగం తిన్న బిస్కెట్ల పొట్లం. సరిగ్గా అప్పుడే నెత్తి మీద స్పీకరు మోగింది: "ప్రయాణికులకు విజ్ఞప్తి..." ఆవిడ గొంతే. ఆవిడేమో ఎదురుగా బిస్కెట్టు నములుతోంది.

మేస్త్రి స్పీకరుని చూశాడు, ఆవిడని చూశాడు, మళ్లీ స్పీకరుని చూశాడు.

"అది నేను కాదు" అంది ఆవిడ. "నేనే గానీ, మూడేళ్ల కిందటి నేను. అప్పుడు నాచేత ఒక్కో మాటా చదివించి ముక్కలుగా కత్తిరించి పెట్టుకున్నారు. ఏడు అనే మాటే మూడు రకాలు, మొదట్లో వచ్చేదొకటి, నడుమన ఒకటి, చివర్న దిగేదొకటి. ఏ బండికి ఏ ముక్కలు కావాలో మిషను ఏరుకుని కుట్టేస్తుంది. బండి దారి తప్పినా, ఏదైనా ప్రమాదం వచ్చినా ముక్కలు చాలవు, అప్పుడు మనిషి కూర్చోవాలి. ఆ కుర్చీకే సోమవారం పరీక్ష. మీరేంటి ఇక్కడ?"

మేస్త్రి తడబడ్డాడు. "ఊరికే. బండి కోసం."

"ఏ బండి?"

"...ఏడో నంబరు."

ఆవిడకి అర్థమైపోయింది. బిస్కెట్ల పొట్లం సంచీలో కుక్కి, నడుము మీద చెయ్యి పెట్టుకుంది. "నేను అబద్ధమాడుతున్నానని డాక్టర్‌గారితో అన్నది మీరేగా? తలుపవతలే ఉన్నా, అంతా విన్నాను. నా వెనక కాపలా కాస్తున్నారన్నమాట! సరే, బాగుంది మీ సంగతి. అంత దూరం తిరిగి తిరిగి వచ్చింది నాకు పనిలేకా? ఆ అట్టముక్క ఫొటో తీసుకెళ్లి, అద్దంలో చూసి చూసి, రోజుకి వందసార్లు రాసి చదివి ప్రాక్టీసు చేశాను తెలుసా? ఒక్క మాట తప్పినా ఉరిమి చూస్తారని భయం! పన్నెండు మాటలూ నేర్చుకున్నాను గానీ నా మాటలు నావి కాకుండా పోయాయి. మీకు చెప్పి చెప్పి విసిగిపోయాను!"

ఇంకెవరైనా అయితే సిగ్గుతో చచ్చిపోయేవారు. మేస్త్రి మాత్రం కళ్లు మూసుకుని తల ఒకవైపుకి వంచాడు. మొట్టమొదటిసారి సెట్టు నోట్లో ఉండగా ఆవిడ సొంత మాట వింటున్నాడు. ఈల వేసింది! నిజంగానే వేసింది, కెటిల్లో నీళ్లు కాగినట్టు. అయితే అన్నిచోట్లా కాదు. "సరే"లో లేదు, "సంగతి"లో లేదు. "చూసి"లో ఉంది, "రాసి"లో ఉంది, "విసిగి" దగ్గరైతే ప్లాట్‌ఫారం చివర కుక్క తల తిప్పింది.

"ఇంకోసారి తిట్టమ్మా" అన్నాడు.

"ఏంటీ?"

"తిట్టు తల్లీ, దయచేసి. చేసి, తెలిసి, కలిసి, ఇలాంటివి పెట్టి తిట్టు."

"మీకేమైనా పిచ్చి పట్టిందా? తెలిసే అంటున్నారా?"

"తెలిసే! అదిగో!" అని గంతేసినంత పనిచేశాడు.

స పక్కన అ, ఆ ఉంటే నోరు పెద్దగా తెరుచుకుని నాలిక కిందికి దిగి ఉంటుంది, కాలవ తీరుబడిగా పడుతుంది. పక్కన ఇ ఉంటే ఆ ఇ కోసం నాలిక ముందే పైకి లేచి కూర్చుంటుంది, కాలవ ఇరుకైపోతుంది. మనుషుల్లాగే అక్షరాలు కూడా పక్కన ఎవరున్నారో చూసి నడక మార్చుకుంటాయి. ఎప్పుడో పంతులమ్మ చెప్పిన పాఠం ఇది. ఆవిడ జాబితాలో ఇ ఉన్న మాటలు పదిదాకా ఉండేవి. బొమ్మ చెదురుతోందని వాటినే ఏరి ఏరి కొట్టేసింది ఎవరయ్యా అంటే, ఈ చెవుల మహారాజే. సబ్బు, సభ, మాస, వాస. లోకం మొత్తాన్నీ అనుమానించిన మనిషి తన అట్టముక్కని ఒక్కసారి కూడా అనుమానించలేదు.

జేబులో ఆకురాయి, పౌడరు పొట్లం లేకుండా మేస్త్రి ఇల్లు కదలడు. ఇద్దరూ ఖాళీగా ఉన్న వెయిటింగ్ రూములో కూర్చున్నారు. ఇప్పుడు కావలసింది ఒక్క మాట కాదు, పరిగెత్తే మాట. అందులో స తప్ప నాలికతో అంగిలి ముందు భాగాన్ని తాకే అక్షరం ఇంకోటి ఉండకూడదు, ఉంటే తుడుపులు కలిసిపోయి బొమ్మ పాడవుతుంది. అంటే పెదాల మీదివి, గొంతు దగ్గరివి మాత్రమే వాడాలి. మేస్త్రి కాసేపు గొణుక్కుని తేల్చాడు.

"ఇలా అనండి, గబగబా: విసిగి విసిగి మా బావ బస్సెక్కె."

"ఎందుకు విసిగాడు?"

"మీ బావ సంగతి నాకేం తెలుసు? అనండి!"

అంది. సెట్టు తీసి కిటికీ వెలుగులో చూశాడు. కాలవ నడుమ, పళ్ల వెనక ఎడమపక్క, పౌడరు దారం అంత సన్నబడి ఉంది. ఆకురాయితో ఆరుసార్లు, వెంట్రుక మందం తీశాడు. మళ్లీ పౌడరు, మళ్లీ బావ. మళ్లీ రెండుసార్లు ఆకురాయి. మూడోసారి బావ బస్సు చప్పుడు చెయ్యకుండా ఎక్కాడు. ఆవిడ "చూసి, చేసి, రాసి, తెలిసి, విసిగి" అని తనలో తాను అనుకుని, గట్టిగా అని, కళ్లు తుడుచుకుంది.

"ఇక వెళ్లండమ్మా. సోమవారం ధైర్యంగా మాట్లాడండి" అన్నాడు మేస్త్రి ఆకురాయి జేబులో పెడుతూ.

"చీటీ?"

"ఏం చీటీ?"

"తిరుగు చీటీ. సెట్టు దిద్దారుగా, రాసి సంతకం పెట్టాలిగా."

మేస్త్రి చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. "ఇది క్లినిక్కు కాదుగా. మీకు కావలసింది అయిపోయింది. మూడో చీటీ పడితే నా బల్ల పోతుందమ్మా."

ఆవిడ కదల్లేదు. "మీరు నన్ను అబద్ధాలకోరని అన్నారు. డాక్టర్‌గారు కూడా అదే నమ్మొచ్చు. రేపు ఇది విరిగినా, ఇంకేదైనా అయినా, బయట ఎవరిచేతనో గీకించుకుందంటారు. మీరు అప్పుడు నా తరఫున మాట్లాడతారని నేనెలా నమ్మాలి?"

 ఆవిడ స్థానంలో తానుంటే మేస్త్రి ఇంకా నాలుగు ప్రశ్నలు ఎక్కువే అడిగేవాడు. వేలితో బెంచీ చెక్క గీరాడు. ముప్ఫై ఒక్క ఏళ్ల బల్ల ఒకవైపు. ఇంకోవైపు, తను దొంగని చేసిన మనిషి ఎదురుగా నిలబడి, అనుమానపడే హక్కు నాకూ ఉందంటోంది.

"పదండి" అన్నాడు.

క్లినిక్కులో పసుప్పచ్చ కాగితం తీసుకుని తనే రాశాడు. తప్పు: ఇ పక్కన స ఈల. ఎవరిది: నాది, పరీక్ష పెట్టిన పద్ధతిలో. పేషెంటు చెప్పింది మొదటినుంచీ నిజం. దిద్దింది: నేను. సంతకం. ఆవిడ రెండుసార్లు చదివి, ఒక నకలు అడిగి తీసుకుని వెళ్లింది.

డాక్టరు చీటీ చదివి నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పు మేస్త్రి చెవికి తేలిగ్గా వినిపించింది, బరువు దింపుకున్నవాడి నిట్టూర్పులా.

"ఏం చేస్తాం మేస్త్రీ. మాట అంటే మాట. మిషనువాళ్లకి కబురు చెయ్యాలి ఇక."

"చెయ్యండి" అన్నాడు మేస్త్రి. తన సామాను సర్దుకోవడానికి వెనక గదిలోకి వెళ్లి, ఖాళీ అట్టపెట్టె కోసం మెట్ల కింద చూశాడు. అక్కడ దుప్పటి కప్పి నడుమెత్తు పెట్టె ఒకటి. దుప్పటి ఎత్తాడు. మిషను. పెట్టె మీద అంటించిన కాగితంలో అది ఊరు చేరిన తేదీ ఉంది. మొదటి చీటీ పడడానికి తొమ్మిది రోజుల ముందుది.

అంటే కుట్ర నిజమే. కుట్రలో ఆవిడ లేదంతే.

మేస్త్రి దుప్పటి మళ్లీ జాగ్రత్తగా కప్పాడు. ముందు గదిలోకి వెళ్లి అడగొచ్చు. ఏమని అడుగుతాడు? తన సంతకం ఉన్న చీటీ డాక్టరు బల్ల మీద ఉంది, అందులో రాసింది అక్షరం అక్షరం నిజం. మైనం దీపం, మోటారు, పదకొండు వందల బొమ్మలున్న నోటుబుక్కులు సర్దుకున్నాడు. అట్టముక్క మేకు నుంచి తీసి నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశాడు. స్టూలు తనది కాదు గనక వదిలేశాడు. దాని మీద ఇంకెవరు కూర్చున్నా జారిపోతారనే చిన్న సంతోషం మాత్రం వెంట తీసుకెళ్లాడు.

భార్య విని ఒక్క మాట కూడా దెప్పలేదు. అది అతనికి చాలా అనుమానంగా అనిపించింది. వీధి గదిలో బట్టల బీరువా జరిపి, కిటికీ కింద పాత భోజనాల బల్ల వేసింది.

"ఎవరొస్తారే ఇక్కడికి?"

"పళ్లు లేనివాళ్లు. పళ్లున్నవాళ్లు మీతో మాట్లాడలేరు."

అనౌన్సరమ్మ పాసైందని రైలెక్కినవాళ్లందరికీ తెలిసింది. ఆ నెల్లో ఏదో బండి దారి మళ్లితే అరగంటసేపు ఆవిడే మైకులో మాట్లాడి నాలుగు వందల మందిని సరైన ప్లాట్‌ఫారానికి నడిపించింది. మేస్త్రికి కృతజ్ఞతలేమీ చెప్పలేదు. చెప్పి ఉంటే ఎందుకు చెప్పిందా అని అతను వారం రోజులు నిద్రపోయేవాడు కాదు.

రెండు నెలలకి వీధి తలుపు ఎవరో తట్టారు. తలుపు తీస్తే ఒక పెద్దావిడ, మూతికి పమిట అడ్డం పెట్టుకుని, వెనక్కి రెండుసార్లు చూసి లోపలికొచ్చింది. పళ్ల డాక్టరుగారి అత్తగారు. మిషను చెక్కిన మొట్టమొదటి సెట్టు అల్లుడు స్వయంగా ఆవిడకే పెట్టాడు, లోకానికి చూపించడానికి.

మేస్త్రి తలుపు గడియ వేసి, కిటికీ పరదా లాగి, అడుగు దూరంలో నిలబడ్డాడు.

"ఎవరు పంపారమ్మా మిమ్మల్ని?"

"ఎవరు పంపుతారు నాయనా, ఈ పళ్లే పంపాయి."

"మీ అల్లుడికి తెలుసా?"

"తెలిస్తే చంపుతాడు."

అది నిజమో, నేర్పి పంపిన మాటో తేల్చుకోలేక, ఆవిడ సెట్టు అడక్కుండా, పౌడరు డబ్బా ముట్టుకోకుండా, కుర్చీ చూపించాడు. నోటుబుక్కు తెరిచి పెన్సిలు చెక్కాడు.

"కూర్చోండి. సెట్టు నోట్లోనే ఉండనివ్వండి. ఏదైనా చెప్పండి."

"ఏం చెప్పను?"

"మీ అల్లుడి గురించి చెప్పండి."

పెద్దావిడ మొదలుపెట్టింది. ఏం చేసి, ఏం చూసి, ఎలా వేసి, ఎంత తెలిసి తెలిసి పిల్లనిచ్చారో మొదటినుంచీ చెప్పుకొచ్చింది. మేస్త్రి తల ఒకవైపుకి వంచి, ఒక కన్ను గడియ మీదే ఉంచి, ఎక్కడెక్కడ ఈల వేసిందో గీతలు గీస్తూ పోయాడు. పేజీ నిండాక తిప్పాడు.